అటక మీది బొంతలు

మా పెద్దాపురంలో పట్టుచీర గురించి కదిపితే చాలు, పోగు దగ్గర మొదలుపెట్టి అంచు దాకా గంటసేపు చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. అదే మనిషిని పట్టుకుని మీ అటక మీది బొంత ఎవరు కుట్టారండీ అని అడగండి. "అదా, పాతగుడ్డల మూట" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మంచి బొంతకు నేతచీరలే కావాలి. ఎన్నో ఉతుకులు పడి, గంజి ఆనవాలు కూడా పోయి మెత్తబడ్డవి. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత లేకుండా అరచేత్తో నడుమ నుంచి బయటికి రాసి, మూలలకు బరువు పెడతారు. చిరుగులున్నవి లోపలి పొరల్లోకి పోతాయి, రంగు నిలిచింది పైకొస్తుంది. చుట్టూ టాకాలు వేశాక అంచు నుంచి లోపలికి చదరంలో చదరంగా కుట్టుకుంటూ వస్తారు. గీత గీయరు, కొలబద్ద ముట్టరు. అయినా వరసకీ వరసకీ మధ్య వేలెడు దూరం చెదరదు. పనితనం తెలియాలంటే బొంతను తిరగేసి చూడండి. సూది పొరలన్నీ దాటి నిటారుగా దిగితేనే పైన కనిపించినంత కుట్టు కిందా కనిపిస్తుంది. ఏటవాలుగా దిగిందా, అడుగున కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

మా వీధిలో ఓ పెద్దమ్మగారి చేతి బొంత ఉంది. వంగపండు రంగు చీర అంచు కోసి చుట్టూ పట్టీ వేశారు. ఆ అంచులో నెమళ్ల బారు. మూల దగ్గర ఇంకొకరైతే కత్తెరతో నెమలిని రెండు చేసేవారు. ఆవిడ ఒక మడత ఎక్కువ వేసి, ఏటవాలుగా మలిచి, నాలుగు మూలల్లోనూ నాలుగు నెమళ్లను నిండుగా నిలబెట్టారు! చదువు లేదు, లెక్కలు రావు అని అందరూ అనుకునే మనిషి.

ఇలాంటి పనే అమెరికాలో అయితే గోడకెక్కుతుంది. జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ అనే ఇద్దరు పోగేసిన పాత క్విల్టులను, అంటే అక్కడి బొంతలను, 1971లో న్యూయార్కు విట్నీ మ్యూజియం వర్ణచిత్రాల్లా గోడలకు వేలాడదీసింది. అప్పటిదాకా వాటిదీ మంచం బతుకే. బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ బైబిలు కథలను గుడ్డముక్కలతో బొమ్మకట్టి కుట్టిన క్విల్టు 1886లో జార్జియాలోని ఒక పత్తి సంతలో ప్రదర్శనకు వచ్చింది. అప్పుడు అమ్మనన్న ఆవిడే చేతిలో డబ్బులాడక తర్వాత 5 డాలర్లకు ఇచ్చేసింది. ఇప్పుడది అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియం వారి సొత్తు. అలబామాలోని జీస్ బెండ్ పల్లెలో మిస్సూరీ పెట్‌వే 1942లో భర్త పోయాక, ఆయన పొలంలో తొడుక్కున్న బట్టలే కోసి క్విల్టు కుట్టుకుంది. వెలిసిన మోకాలి మచ్చ కూడా అందులో ఒక రంగే. ఇంతకు మించిన చిత్రకారులు ఎక్కడున్నారో నాకైతే తెలియదు.

పోనీ ఆ కళ మనకు పరాయిదా అంటే, అదీ కాదు. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ఒకప్పుడు సముద్రాలు దాటాయి. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు మీదే మడపోలం అనే నూలుబట్ట లోకమంతా చెలామణీ అయింది. తొలినాళ్ల అమెరికా క్విల్టుల్లో ఒక రకం ఉంది. అద్దకపు బట్టలోంచి పువ్వుల్ని, పిట్టల్ని కత్తిరించి తెల్లబట్ట మీద అతికి కుట్టేవారు. మొదట్లో మన తీరపు బట్టలు, తర్వాత ఇంగ్లండు అచ్చుబట్టలు.

బెంగాలీల బొంత అయిన కాంథాకు గురుసదయ్ దత్ దొరికారు. ఐసీఎస్ అధికారిగా ఉంటూనే పల్లెల్లో కాంథాలు సేకరించారు. కోల్‌కతా పక్కన జోకాలో ఆయన పేర మ్యూజియమే ఉంది. కాంథా గొప్పదే, కాదనను. కానీ మన బొంత ఏం తక్కువ తిన్నది? దానికో దత్ దొరకలేదు, అంతే.

ఇక నకళ్ల సంగతి. బజార్లో అతుకుల దుప్పటి అని అమ్ముతున్నదాన్ని దగ్గరగా చూడండి. అతుకూ లేదు, కుట్టూ లేదు, అన్నీ అచ్చు వేసిన గీతలు. లోపల పాలియెస్టరు దూది. చెమటపట్టే మన ఊళ్లకు అదా పరుపు? పెద్ద సంస్థలూ ఈ పాపానికి అతీతం కావు. 1992లో స్మిత్సోనియన్ తన పాత క్విల్టులకు నకళ్లు చైనాలో కుట్టించి అమ్మకానికి పెట్టింది, వాటిలో పవర్స్ క్విల్టు కూడా ఉంది. అమెరికాలోని కుట్టుపని ఆడవాళ్లు ఊరుకోలేదు, సంతకాలు సేకరించి వీధికెక్కారు. మనం మాత్రం బొంతిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటున్నాం!

దాచుకునేవాళ్లకు రెండు మాటలు. ఎప్పుడూ ఒకే మడత మీద పెట్టొద్దు, మడత దగ్గరే నూలు తెగుతుంది. ప్లాస్టిక్ సంచి అసలే వద్దు, తెల్లటి పాతపంచెలో చుట్టండి. పట్టుముక్కల పని మరీ జాగ్రత్త. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో విదేశాల్లో పట్టుకు తూకం పెంచడానికి లోహపు లవణాలు పట్టించేవారు. ఆ క్విల్టులు ఇప్పుడు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వాటితో పోలిస్తే మన నూలుబొంత మొండిది.

1981లో కెంటకీ రాష్ట్రంలో కొందరు పూనుకుని, ఊరూరా ఒక రోజు పెట్టి, ఇళ్లలోని క్విల్టులు తెమ్మని పిలిచి, ఫొటో తీసి వివరాలు రాసుకున్నారు. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మరిడమ్మ జాతరకు ఊరంతా కదిలే ఆషాఢంలో మనమూ ఒక పూట అలా కూర్చోలేమా? బొంత తెచ్చినవారికి తిరిగి ఇచ్చేద్దాం. ఎవరు కుట్టారు, ఎవరి చీరలు, ఏ ఏడు అన్న మూడు సంగతులు రాసుకుంటే చాలు. రాజమండ్రిలోని రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం వారు ఒక్క గోడ ఇస్తే, మొదటి బొంతగా ఆ నాలుగు నెమళ్లదాన్ని అడిగి తెచ్చే పూచీ నాది.