పరోక్షవర్ణనము: యుయెయాంగ్ సౌధస్మారకము

చీనాదేశమున హునాన్ రాష్ట్రమునందు, డోంగ్‌టింగ్ సరస్సు తీరమున, యుయెయాంగ్ పట్టణపుఁ బడమటి ప్రాకారముపై మూఁడంతస్తుల దారుసౌధ మొకటి కలదు. దాని యెత్తు సుమారు 19 మీటరులు. కప్పు యోధుని శిరస్త్రాణమువలె వంపుదీఱి యుండును. మూఁడవ శతాబ్దమున లూ సూ అను సేనాపతి తన నౌకాబలమును బరిశీలించుటకుఁ గట్టించిన వేదికయే దీనికి మూలమని ప్రతీతి. తరువాత నిది పలుమాఱులు నశించి పలుమాఱులు లేచినది. ఇప్పుడున్న కట్టడము 1880వ సంవత్సరము నాఁటిది. కావున దూరదేశములనుండి వచ్చి దీని నెక్కు యాత్రికుఁడు చూచునది ప్రాచీనమైన దారువు గాదు. అతని నచ్చటికి రప్పించినది సుమారు 360 లిపిచిహ్నముల గద్యఖండ మొకటి. పదునెనిమిదవ శతాబ్దపు లిపికారుఁడగు జాంగ్ జావ్ హస్తలేఖనముతో నది సౌధములోని పలకలపైఁ జెక్కఁబడి యున్నది.

ఆ గద్యమునకుఁ గర్త సుంగ్‌వంశకాలమున మంత్రిపదవి నధిష్ఠించిన ఫాన్ జోంగ్‌యెన్. రచనాకాలము 1046. అతని మిత్రుఁడు టెంగ్ జిజింగ్ 1044లో పదభ్రష్టుఁడై యీ ప్రాంతమునకుఁ బంపఁబడి, మఱుసటి యేఁడు సౌధమును బునరుద్ధరించి, స్మారకమును వ్రాయుమని కోరెను. అప్పుడు ఫాన్ దూరముననున్న డెంగ్‌జోవులో నుండెను. క్రొత్త సౌధమును జూడకయే, మిత్రుఁడు పంపిన చిత్రపటము నాధారముగాఁ గొని వ్రాసెనని పెక్కండ్ర మతము. బాల్యమున నతఁ డా సరఃప్రాంతమున నుండెననువారును గలరు. ఎట్లైనను, పునరుద్ధరింపఁబడిన సౌధము నెక్కి వ్రాసిన రచన గాదిది. చూడనివాఁడు చేసిన వర్ణనము చూడవచ్చినవారికి ప్రమాణమగుట యెట్లు? ఇదియే విచారణీయాంశము.

పాణిని వక్తకుఁ బరోక్షమైన భూతకాలమునకు లిట్‌లకారమును విధించెను. సంస్కృతమున వక్త తాను జూడలేదని క్రియారూపముననే తెలుపవచ్చును. చీనాభాషలో క్రియ కాలము ననుసరించి రూపభేదము నొందదు. అందుచే నీ రచనయందలి పరోక్షతను వేఱుచోట్ల వెదకవలెను. వర్ణనారంభమున ఫాన్ ప్రయోగించిన క్రియ ‘గ్వాన్’. దీనికిఁ గంటితోఁ జూచుట యనియు, మనస్సున నిలిపి పరిశీలించుట యనియు రెండర్థములును గలవు. బౌద్ధగ్రంథముల చీనాపరివర్తనములలో విపశ్యనాశబ్దమునకు వాడఁబడినది యీ పదమే. అవలోకితేశ్వరుని చీనానామమైన గ్వాన్‌యిన్‌లోని మొదటి పదమును నిదియే. కావున నిచ్చట చాక్షుషప్రత్యక్షమునే గ్రహింపవలెనను నిర్బంధము లేదు.

అంతేకాదు. సరస్సు వైశాల్యమును సంగ్రహముగాఁ జెప్పి, మిగిలినదానిని బూర్వులు వర్ణించియే యున్నారని ఫాన్ విరమించును. పిదప నతఁడు తడవినది సరస్సును గాదు, దానిఁ జూడవచ్చు బహిష్కృతాధికారుల హృదయములను. నెలల తరబడి వాన విడువని దుర్దినము నొకటియు, వసంతకాలపుఁ బ్రసన్నదినము నొకటియు వర్ణించి, రెంటిని ‘ఇట్టి సమయమున నైనచో’ అను నర్థచ్ఛాయగల యవ్యయములతో నారంభించెను. ఇవి జరిగిన దినముల వృత్తాంతములు గావు, సంభావ్యదశలు. ఒక్కమాఱు వచ్చి పోవు యాత్రికునకు వానయో యెండయో యేదో యొకటి లభించును. రెంటిని సరితూఁచి నిలుపుటకుఁ బరోక్షతయే యతనికిఁ దోడ్పడినది.

డు ఫు మార్గము వేఱు. అతఁడు 768లో వార్ధక్యరోగములతోఁ బడవలో సంచరించుచు వచ్చి, తా నెన్నఁడో వినిన సరస్సును స్వయముగాఁ జూచి పద్యము చెప్పెను. అందు దర్శనము కవి దుఃఖమునకు ఉద్దీపనవిభావమైనది. అతని పద్యమునకు బలము ప్రత్యక్షత. ఫాన్ గద్యమునకు బలము విమర్శ. ఒకదాని కొలఁదితో వేఱొకదానిని గొలుచుట యుచితము గాదు.

ఈ గద్యముపై ఫాన్ మిత్రుఁడగు యిన్ షు చేసిన యాక్షేపమును చెన్ షిదావ్ నమోదు చేసెను. ద్వంద్వవాక్యములతో ఋతుశోభను జెప్పుట అద్భుతకథల శైలియే యని దాని సారము. రూపమును బట్టి యీ మాట నిజము. స్మారకమునకుఁ దగిన మితభాషిత్వ మా రెండు వర్ణనములలో లేదు. కాని యవి యేస్థానమున నున్నవో గమనింపవలెను. వానదినమున శోకించు యాత్రికుఁడును, వసంతదినమున నుప్పొంగు యాత్రికుఁడును ఫాన్‌కుఁ బూర్వపక్షమే. బాహ్యవస్తువులవలన సంతోషమును, స్వకీయదుర్దశవలన శోకమును బొందనివారే సత్పురుషు లనియు, ప్రజలకష్టమును దలంచుటలో ముందుండి సుఖమునందుఁ గడపటివారుగా నుండవలె ననియు సిద్ధాంతము. అలంకారములన్నియు ఖండింపఁబడు పక్షముననే పోగైనవి. అది దోషము గాక యౌచిత్యమే యగును.

ఈ సిద్ధాంతము శుష్కోపదేశము గాకుండుటకుఁ గారణము కలదు. 1043లో నారంభించిన రాజ్యసంస్కారములు విఫలము కాఁగా ఫాన్ తానును రాజధానికి దూరుఁడయ్యెను. అతఁడు సౌధమును జూడకపోవచ్చును గాని, పదభ్రంశమును జూచెను. పదభ్రష్టుఁడైన మిత్రునకుఁ బదభ్రష్టుఁడు వ్రాసినది గనుకనే యందలి ధైర్యము నమ్మఁదగినదైనది. ఒక లోపము మాత్ర మంగీకరింపవలెను: స్తంభములసంఖ్యగాని యెత్తుగాని యందు లేవు. వాస్తుచరిత్రకారునకు దానివలనఁ బ్రయోజనము స్వల్పము.

చీనాదేశపుఁ బాఠశాలలలో బాలు రీ గద్యమును జదువుదురు. దీనిని గంఠస్థముగాఁ బఠించిన యాత్రికులకుఁ బ్రవేశరుసుము లేకుండునట్లు సౌధపాలకు లిటీవలి కాలమున నేర్పాటు గావించిరి. అట్లు పఠించి సౌధము నెక్కినవాఁడు తన కా దినమున దొరకిన వానకుఁ గుందుట గాని యెండకు మురియుట గాని చేసెనేని, ఆ గద్యము నక్షరములలోఁ జదివెనే గాని యర్థములోఁ జదువలేదని చెప్పవలసియుండును.