పంచనామా చదవడం

సోదా జరిగిన ఇంటి నుంచి వచ్చినవాళ్లు ముందు చెప్పేది అవమానం గురించే. "బట్టలన్నీ కింద పారేసిండ్రు వకీల్ సాబ్, గల్లీ గల్లీ చూసింది" అంటారు. విని, "ఏమన్న కాగితం ఇచ్చిండ్రా?" అని అడుగుతాను. నాకే కాస్త సిగ్గేస్తుంది. కానీ కోర్టుకు గల్లీ ముందు పోయిన పరువు కనపడదు, కాగితంలో జరిగిన తప్పు కనపడుతుంది.

వారెంటు ఉంటే నేను చూసేది అచ్చు వేసిన భాగం కాదు, చేత్తో నింపిన ఖాళీలు. మొఘల్‌పురాలోనో షాలిబండలోనో ఒకే ఇంటి నంబరు కింద నాలుగు కుటుంబాలు ఉంటాయి. వారెంటు ఏ వాటాకు? ఏ వస్తువు కోసం? 'కేసుకు సంబంధించిన వస్తువులు' అని వదిలేస్తే, మేజిస్ట్రేటు ఏం చూసి నమ్మారని అడగడానికి సందు దొరికినట్టే. కానీ సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 96వ సెక్షన్‌లో సాధారణ సోదాకూ చోటుంది కాబట్టి ఇదొక్కటే గెలిపించదు.

నిజానికి పోలీసులు వారెంటుతో వచ్చేది తక్కువ. దర్యాప్తు అధికారి అదే చట్టం 185వ సెక్షన్ కింద తానే సోదా చేయొచ్చు. అయితే ఎందుకు ఆగలేకపోయాడో, దేనికోసం వెతుకుతున్నాడో ముందే రాసుకోవాలి. ఆ నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. వీడియో కూడా తీయాలి. నేను వీడియోలో వెతికేది కెమెరా ఎప్పుడు ఆన్ అయిందన్నది: గుమ్మం దగ్గరా, సరుకు బయటపడ్డాకా?

ఒక పంచనామా ఇప్పటికీ గుర్తుంది. సోదా సాయంత్రం 6.10కి మొదలైంది, 6.40కి ముగిసింది. మూడు గదులు, రెండు బీరువాలు, మేడ మీద నీళ్ల ట్యాంకు. జప్తు జాబితా నాలుగు పేజీలు, పేజీ పేజీకీ సోదాకు సాక్షులైన ఇద్దరు పంచుల సంతకాలు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. అది రాయడానికే అరగంట చాలదు. క్రాస్‌లో మొదటి పంచ్‌ను ఒక్కటే అడిగాను, ఆ ఇంట్లో మేడ మెట్లు లోపల నుంచా, బయట నుంచా అని. ఆయన ఎస్సై వైపు చూశాడు.

పాతబస్తీలో ఎక్కువమందికి తెలియని రక్షణ ఇంకొకటుంది. పరదా పాటించే స్త్రీలున్న గదిలోకి తలుపు బద్దలుకొట్టి వెళ్లాల్సి వస్తే, ముందు వాళ్లకు చెప్పి, బయటికి వెళ్లే వీలు కల్పించాలి. ఇది పాత సీఆర్‌పీసీ 47లోనూ ఉంది, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 44లోనూ ఉంది.

ఇన్ని తప్పులు చూపినా దొరికిన సరుకు సాక్ష్యంగా నిలుస్తూనే ఉంటుంది. పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి ఖరారు చేసి యాభై ఏళ్లు దాటింది. అమెరికాలో 1961 నాటి మ్యాప్ తీర్పుతో అక్రమ సోదా సరుకును పక్కన పెడతారు. మనకు ఆ సుఖం లేదు. అందుకే మా పని సోదాను కొట్టేయించడం కన్నా సోదా మీద నమ్మకాన్ని కదిలించడమే ఎక్కువ.

చట్టాన్నే కొట్టేయించిన కేసూ హైదరాబాద్‌దే. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో సవరించి, కలెక్టరు రాతపూర్వకంగా పంపిన ఎవరైనా ఏ ఆవరణలోకైనా వెళ్లి పత్రాలు చూడొచ్చని రాసింది. కారణం చెప్పక్కర్లేదు, పంపేది ఎవరినన్న అదుపూ లేదు. కెనరా బ్యాంకు అడ్డం తిరిగింది. మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టు ఆ సవరణ చెల్లదంది, 2004లో సుప్రీంకోర్టూ అదే మాటంది: గోప్యత మనిషిది, చోటుది కాదు, బ్యాంకులో పెట్టినంత మాత్రాన పత్రం అందరిదీ అయిపోదు. స్టాంపు డ్యూటీ కేసు కదా అని క్రిమినల్ లాయర్లు దీన్ని పక్కన పెడతారు. నేను మాత్రం నా మెమోలో ముందు దీన్నే పెడతాను.

ఇవేవీ పనిచేయని చోటు ఒకటుంది: కార్డన్ సెర్చ్. రాత్రివేళ బస్తీ చుట్టుముట్టి, ఇంటింటా ఆధార్, బండి కాగితాలు అడుగుతారు. వారెంటు ఉండదు, ఫలానా ఇల్లు ఎందుకన్న రాత ఉండదు. పొద్దున పేపర్లో పట్టుకున్న బైకుల లెక్క వస్తుంది. చదవడానికి కాగితమే లేనప్పుడు ఏ తప్పు పట్టుకోను? అందుకని ఈ మధ్య వచ్చినవాళ్లతో ఒక దరఖాస్తు పెట్టిస్తున్నాను. సోదా జరిగిన ఇంటివాళ్లు అడిగితే 185 కింద నమోదు నకలు మేజిస్ట్రేటు ఉచితంగా ఇవ్వాలి. అలాంటి నమోదు తమకు రాలేదని కోర్టు నుంచి జవాబొస్తే, హైకోర్టులో వేసే రిట్‌కు జతపరిచే మొదటి పత్రం అదే.