యంత్రమును కడుగు విద్య

భారతీయ నర్సింగ్ మండలి 2021లో గెజిట్ ద్వారా ప్రకటించిన బి.ఎస్సీ. నర్సింగ్ నూతన పాఠ్యప్రణాళికలో ఆరోగ్య సమాచార సాంకేతికతకు ప్రత్యేక స్థానము కల్పించి, రోగి చెంతకు పోవుటకు ముందు కృత్రిమ దేహములపై అభ్యాసము చేయింపవలెనని విధించినప్పుడు, మా తరము ఉపాధ్యాయినులలో కొందరు "ఇక బొమ్మల పెళ్లిళ్లే" అని హాస్యమాడిరి గాని, నేను వారితో ఏకీభవింపలేకపోతిని. 1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి వారు, గుడ్డబొమ్మలు కుట్టు మార్తా చేజ్ అను నామె చేత నిలువెత్తు బొమ్మను చేయించి విద్యార్థినులకు శుశ్రూష నేర్పిరి. 1960లో నార్వే దేశపు ఆటబొమ్మల వ్యాపారి ఆస్ముండ్ లేర్డాల్ తయారుచేసిన ఆన్ అను బొమ్మ నోట ఊపిరి ఊది, దేశదేశముల జనులు ప్రాణరక్షణము నేర్చుకొనిరి. బొమ్మలు మన వృత్తికి క్రొత్త కావు.

క్రొత్త పరికరము వచ్చినపుడు దానిలో ఏ భాగమును పాఠముగా చెప్పుచున్నామన్నదే నా విచారము. తెలంగాణలోని ఇబ్రహీంపట్నము పేరు విన్నపుడెల్ల అది ఇనుమడించును. 2022 ఆగస్టు 25న అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో, ఊళ్లలో పిల్లల ఆపరేషన్ అనబడు కుటుంబ నియంత్రణ చికిత్సను డీపీఎల్ అను లాపరోస్కోపు పద్ధతిన 34 మంది స్త్రీలకు ఒక్కదినముననే చేయగా, కొలది దినములలో నలుగురు తల్లులు మరణించిరి. ఇన్‌ఫెక్షన్ నివారణలోని లోపములను విచారణ ఎత్తిచూపెను. తప్పెవరిదన్న తీర్పు నాది కాదు. చిన్న గాటుతో పని ముగించి ఆనాడే ఇంటికి పంపగల లాపరోస్కోపు ఒకనాటి వింత. అది ఒక స్త్రీ ఉదరము నుండి వెలువడి మరియొక స్త్రీ ఉదరమున ప్రవేశించు నడిమి కాలమే ఉపాధ్యాయినినైన నన్ను పట్టి పీడించుచున్నది.

ఆ కాలము నర్సుది. నెత్తురు ఎండకముందే పరికరమును విడదీసి, కీలుకీలును నీట కడిగి, థియేటరులో అందరు సైడెక్స్ అను 2 శాతము గ్లూటరాల్డిహైడ్ ద్రావణమున 20 నిమిషములు పూర్తిగా మునుగునట్లుంచి, పిమ్మట స్టెరైల్ నీటితో కడిగి ఆరబెట్టవలెను. కడుగక ముంచినచో, అంటుకొనిన రక్తము అడుగునకు మందు చేరదు. అన్నియు కలిపిన అరగంట. మూడు లాపరోస్కోపులున్న బృందమునకు దినమునకు 30 ఆపరేషన్లే హద్దని ప్రభుత్వ ప్రమాణములు చెప్పుటలో ఈ గణితమే దాగియున్నదని నా నమ్మకము.

యంత్రమును శంకించుటయు విద్యయే. చలికాలమున ఒక ఉదయము మా విద్యార్థిని యొకతె వృద్ధురాలి వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి, 81 అను అంకె చూచి సిలిండరునకై పరుగెత్తబోగా, ఆ అవ్వ "చేతులు సల్లగున్నయి బిడ్డా, జర ఆగు" అని తానే అరచేతులు రుద్దుకొనెను. అంకె 96కు ఎక్కెను. తక్కువ చూపినపుడు పరుగెత్తుదుము గదా, ఎక్కువ చూపినచో? నల్లజాతి రోగులలో ప్రాణవాయువు నిజముగా తగ్గియున్నను ఈ పరికరము కనిపెట్టలేకపోయిన సందర్భములు తెల్లవారిలో కంటె సుమారు మూడు రెట్లున్నవని 2020లో అమెరికాలో వెలువడిన యొక అధ్యయనము తేల్చెను. చామనచాయయు నలుపును గల మనవారి నడుమ పనిచేయు నర్సునకు, పెదవుల రంగు, ఊపిరి లెక్క ఇంకను అక్కరకు వచ్చునవే.



కృత్రిమ దేహములపై అభ్యాసము చేయించు మా సిమ్యులేషన్ గదికి ఇంత ధనము వెచ్చించినందుకు అచ్చట నేర్పదగినదేదో తేల్చుకొనుటకై, ఒకనాడు నేనే సర్జన్ వేషము కట్టి, లాపరోస్కోపు సైడెక్స్ ట్రేలో మునిగిన కొంతసేపటికే "ఇంకెంతసేపు? బయట లైను ఉన్నది, ఇయ్యి!" అని గద్దించితిని. పరీక్షలో 20 నిమిషములని తప్పులేక వ్రాసిన పిల్లలే వణకుచు తీసి యిచ్చిరి. ఒక్కతె మాత్రము గడియారము చూచి "ఇంకా ఎనిమిది నిమిషాలున్నయి సార్" అని, నేను మరల అరచినను మూత తీయలేదు. మార్కుల పత్రములో ఇట్టి దానికి గడి లేనందున "సంభాషణ నైపుణ్యము" అను గడిలో పూర్తి మార్కులు వేసితిని. సర్జనుకు ఎదురు చెప్పుట సంభాషణ నైపుణ్యమెట్లగునని సహోపాధ్యాయిని యొకామె అడుగగా, వచ్చే బ్యాచికి ఆ వేషము మీరే కట్టి చూడుడంటిని.