అమెరికా జీపు, అంగుళం పానా

ఉత్తర తెలంగాణలో అమెరికా బండి అంటే జీపే. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ మొదలు పదేళ్లపాటు అమెరికా రోడ్లను ఏలిన పెద్ద వీ8 కార్లు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దాకా రాలేదు. అప్పట్లో కారు దిగుమతికి లైసెన్సు దొరకడమే గగనం. దొరికినా, లీటరుకు ఐదారు కిలోమీటర్లు మించని బండికి పెట్రోలు పోయడం మామూలు మాట కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు పోయిన డ్రైవర్లకు, మెకానిక్‌లకు ఆ కార్లు దుబాయిలోనో కువైట్‌లోనో కనపడ్డాయి తప్ప సొంత ఊళ్లో కాదు. జీపు మాత్రం ఊళ్లోకి వచ్చింది. వచ్చి, పుట్టిన దేశంలో ఎవరూ ఊహించనన్ని ఏళ్లు బతికింది. అది ఎట్లా బతికిందన్నదే ఇక్కడి మెకానిక్ షెడ్ల చరిత్ర.

విల్లీస్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం కోసం ఎంబీ జీపును 1941లో తయారు చేయడం మొదలుపెట్టింది. అదే నమూనాను ఫోర్డ్ కంపెనీ జీపీడబ్ల్యూ పేరుతో చేసింది. 1945 దాకా రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా బండ్లు దించాయి. రెంటికీ విడిభాగాలు ఒకటే. తేడా పట్టాలంటే బోల్టుల తలలు చూడాలి: ఫోర్డ్ తన బోల్టుల మీద ఎఫ్ అక్షరం కొట్టేది. యుద్ధం ముగిశాక అస్సాం, బర్మా సరిహద్దుల్లో మిగిలిన సైనిక వాహనాలను అమ్మేశారు. అట్లా జనం చేతికి వచ్చినవే డిస్పోజల్ బండ్లు. 1949లో మహీంద్రా కంపెనీ బొంబాయిలోని మజగావ్‌లో అమెరికా నుంచి తెచ్చిన భాగాలతో జీపులు బిగించడం మొదలుపెట్టింది.

జిల్లాల్లో జీపును మొదట జనం చూసింది సర్కారు బండిగానే. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక సమితి జీపు ఊరి చివర దుమ్ము లేపితే బీడీఓ వచ్చినట్టు. అడవి శాఖ, పోలీసు, సింగరేణి, మలేరియా విభాగం, ఎన్నికల ప్రచారం, ఎవరి పనికైనా అదే బండి. తెలుగు సినిమాల్లో కథ అయిపోయాక వచ్చే పోలీసులు కూడా ఆ జీపులోనే దిగేవారు. ఆఫీసు బండికి ఆయువు తీరితే కండెమ్ చేసి వేలం వేస్తారు. ఆ వేలంలో కొన్నవాళ్ల చేతుల్లో జీపు రెండో జీవితం మొదలైంది. రైతులు ట్రాలీలు తగిలించారు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు బస్సు పోలేని దారుల్లో సవారీ జీపులు తిరిగాయి. నలుగురి బండిలో పన్నెండు మంది ఎక్కడం ఎవరికీ వింత కాదు.

ఇన్నేళ్లు నిలవడానికి మొదటి కారణం ఇంజనే. గో డెవిల్ అని పేరున్న ఈ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ 2,199 సీసీలది, బలం 60 హార్స్ పవర్. వాల్వులు పైన హెడ్డులో కాక సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి. కాబట్టి హెడ్డు అంటే పైన కప్పిన ఒక ఇనుప మూత. నట్లు విప్పి మూత ఎత్తితే పిస్టన్ల తలలు, వాల్వులు అన్నీ కళ్లముందు కనపడతాయి. కంప్రెషన్ 6.48కి 1 మాత్రమే, ఈనాటి కారుతో పోలిస్తే చాలా తక్కువ. బలం తక్కువైనా నాసిరకం పెట్రోలుతో కూడా కొట్టుకోకుండా నడుస్తుంది. యుద్ధభూమికని చేసిన ఆ ఏర్పాటు ఊరి పెట్రోలు బంకుకూ సరిపోయింది.

ఈ ఇంజన్‌ను ట్యూన్ చేయడానికి కంప్యూటర్ అక్కర లేదు, ఫీలర్ గేజీ చాలు. పాయింట్ల మధ్య ఇరవై థౌ, ప్లగ్గు మొనకు ముప్పై థౌ, చల్లటి ఇంజన్‌లో టాపెట్లకు పద్నాలుగు థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. టైమింగు గుర్తు ఫ్లైవీల్ మీదే ఉంటుంది. పక్కన చిన్న మూత తీసి చూడాలి. కష్టమల్లా టాపెట్లతోనే. వాటి మూత మానిఫోల్డు కింద దాక్కుని ఉంటుంది, చెయ్యి సగమే దూరుతుంది. రెండు పలచటి పానాలతో ఒకటి పట్టుకుని ఒకటి తిప్పుతూ, మధ్యలో గేజీ ఆడించాలి. గేజీ రేకు బిగుతుగా కాదు, వదులుగా కాదు, వెన్నలో కత్తిలా జారాలి. ఎంత బిగుతు సరైనదో పుస్తకంలో ఉండదు. గురువు పక్కన నిలబడి చిన్న పానా, పెద్ద పానా అందిస్తూ పిల్లగాడు నేర్చుకునే విద్య అది. టాపెట్ మరీ బిగిసిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. అందుకే కొంచెం చప్పుడు చేసే టాపెట్ మంచిదని పాత మెకానిక్‌ల లెక్క.

వాతావరణం మరో పరీక్ష పెడుతుంది. ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్ 45 డిగ్రీలు దాటుతాయి. జీపులో పెట్రోలు పైపు వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు దగ్గరగా పోతుంది. మిట్టమధ్యాహ్నం బండి ఆపి మళ్లీ తీస్తే పైపులోని పెట్రోలు ఆవిరై పంపుకు అందదు, ఇంజన్ దగ్గి ఆగుతుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగడం అందరికీ తెలిసిన చిట్కా. పైపును మానిఫోల్డుకు దూరంగా మళ్లించడం, రేడియేటర్‌లో పేరుకున్న సున్నం కడిగించడం అసలు మందు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇంకో తలనొప్పి తెచ్చింది. పాత పంపులోని రబ్బరు పొర, పాత గొట్టాలు దానికి తట్టుకోవు; ఇథనాల్‌కు ఓర్చే రబ్బరుతో మార్చాల్సిందే.

చలికాలం వస్తే అదే ఆదిలాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఎంబీ జీపుది ఆరు వోల్టుల కరెంటు. వైరు కొన దగ్గర కాస్త తుప్పు పట్టినా సెల్ఫ్ మూలుగుతుంది తప్ప తిరగదు. అప్పుడు ముందునుంచి హ్యాండిల్ కొట్టాలి. బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. ఇంజన్ వెనక్కి తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి గాని మణికట్టు విరగ్గొట్టకూడదు. చాలామంది బండిని పన్నెండు వోల్టులకు మార్చుకున్నారు. బల్బులు, కాయిల్, డైనమో వంటివి మార్చాలి. పాత సెల్ఫ్ మోటారు పన్నెండు వోల్టుల దెబ్బకు ఓర్చుకుంటుంది, కాకపోతే రింగు పళ్లను గట్టిగా కొడుతుంది.

స్టీరింగ్ ఊగడం జీపుకు పాత జబ్బు. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు గడగడ వణుకుతాయి. చక్రం బ్యాలెన్సు చేయించి ఊరుకునేవాళ్లు ఎక్కువ, కాని రోగం అక్కడ కాదు. కింగ్ పిన్ బేరింగులు అరిగి ఉంటాయి. లేదా టైరాడ్ కొనలు, మధ్యలో ఉండే బెల్ క్రాంక్ వదులై ఉంటాయి. కింగ్ పిన్ మీది పలచటి రేకులు ఒక్కొక్కటి తీస్తూ, తగినంత బిగుతు వచ్చేదాకా చూసుకోవాలి. మరమ్మతులో సగం ఓపికే. కమాన్ కట్టల షాకిళ్లకు, క్రాసులకు, కింగ్ పిన్లకు వేళకు గ్రీజు పట్టిస్తే ఈ జబ్బు ఏళ్లపాటు రాదు. హ్యాండ్ బ్రేకుది ఇంకో కథ. అది చక్రాల మీద కాక వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో పట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు కారితే ఆ నూనె నేరుగా బ్రేకు మీద పడుతుంది. జీపు చక్రం కింద రాయి పెట్టే అలవాటు ఊరికే రాలేదు.

పరాయి దేశపు బండిని కాపాడటంలో అసలు చిక్కు విడిభాగాలు. జీపు మరలన్నీ అంగుళాల లెక్క. మిల్లీమీటర్ పానా వేస్తే నట్టు మూలలు గుండ్రమవుతాయి, ఆ తర్వాత ఉలి, సుత్తి తప్ప దిక్కు లేదు. ఇనుప కడ్డీని సూత్‌లలో కొలిచే ప్రాంతానికి అంగుళాల లెక్క కొత్తేమీ కాదు: అరంగుళం అంటే నాలుగు సూత్‌లు, తొమ్మిదిబై పదహారు అంటే నాలుగున్నర. భాగం దొరక్కపోతే చేయించడం రెండో దారి. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీ, బెల్లంపల్లి, రామగుండం బొగ్గు గనులు ఉన్న పట్నాల్లో లేతు పనికి కొదవ లేదు. అరిగిన షాఫ్టును వెల్డింగుతో పోసి మళ్లీ కొలతకు తిప్పడం, కంచు బుష్ కోయడం, బ్లాకును బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేయడం గంటల పని. మహీంద్రా దశాబ్దాలపాటు అదే వంశపు బండ్లు చేయడం ఇంకా పెద్ద అదృష్టం. అమెరికాలో 1968లో ఆగిపోయిన సీజే-3బీ జీపు ఆకారం ఇక్కడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. అందువల్ల గేర్‌బాక్సు, హౌసింగు సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తుక్కు దుకాణాల్లోనో దొరికేది. వీ8 కారు ఏదైనా ఈ జిల్లాకు వచ్చి ఉంటే ఒక్క గాస్కెట్టుకు సముద్రం దాటాల్సి వచ్చేది.

బాడీ సంగతికి వస్తే, తుప్పు పైనుంచి కాదు, కిందినుంచి మొదలవుతుంది. ఎంబీ తొట్టి అడుగున టోపీ ఆకారపు రేకు దూలాలుంటాయి. వాటిలో కర్ర దట్టించారు. వానాకాలంలో కర్ర నీళ్లు పీల్చుకుని ఎండాకాలం దాకా తడిగానే ఉంటుంది. పైన రంగు మెరుస్తున్నా కింద స్క్రూ డ్రైవర్ గుచ్చితే దిగిపోతుంది. కొనేవాడు ముందు అక్కడ చూడాలి.

ఇక్కడిదాకా చెప్పిన మరమ్మతు బండిని బండిగా ఉంచింది. డీజిల్ మాత్రం దాన్ని మార్చింది. గో డెవిల్ తర్వాత వచ్చిన హరికేన్ పెట్రోలు ఇంజన్‌కు బలం ఎక్కువ, దాహమూ ఎక్కువే. సవారీ జీపు యజమానికి పెట్రోలు ధర గిట్టుబాటు కాలేదు. మహీంద్రాయే ట్రాక్టర్ల కోసం చేసే ఇంటర్నేషనల్ డీజిల్‌ను, ఆ తర్వాత ఎంఎం 540లో ప్యూజో డీజిల్‌ను జీపులో పెట్టింది. అది చూసి షెడ్లలో కూడా పాత పెట్రోలు ఇంజన్లు దించి, మ్యాటడోర్ వంటి బండ్ల డీజిల్ ఇంజన్లు ఎక్కించడం మొదలైంది. కొత్త ఇంజన్‌కు మౌంటింగులు కోసి అతకాలి, గేర్‌బాక్సుకు అడాప్టరు పలక తిప్పించాలి, బరువుకు కుంగే ముందు కమాన్లకు ఒక పట్టీ కలపాలి. సీజే-3బీ హౌసింగు గేరు నిష్పత్తి 5.38, నిదానంగా తిరిగే డీజిల్‌కు దానితో వేగం రాదు, బండి గుట్ట ఎక్కుతుంది గాని హైవే మీద రొప్పుతుంది. అయినా ఖర్చు సగమైంది, బండి తిరిగింది. దించిన పెట్రోలు ఇంజన్లు తూకానికి పోయాయి.

ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అట్లాంటి బండికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనికి తిప్పకూడదు. డీజిల్ ఎక్కించిన జీపుకు ఈ గౌరవం దక్కదు. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉండాలన్నా, ఇంజన్ మార్పు మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి పొంది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఏపీ 15, ఏపీ 01 నంబర్ల పాత జీపు కొనేవాడు బానెట్ ఎత్తకముందే ఆర్‌సీ మీద ఇంధనం ఏమని రాసి ఉందో, ఇంజన్ నంబరు కలుస్తుందో లేదో చూసుకోవాలి.

చట్టం చెప్పే అసలు రూపం అద్దాల గదిలో నిలబెట్టిన బండికి బాగుంటుంది. పనిలో అరిగిన జీపుకు దాన్ని అన్వయిస్తే, దాన్ని బతికించిన చేతుల పనే తప్పుగా లెక్కకు వస్తుంది. వీఏ నంబరు మీద మనసున్న యజమానికి మాత్రం దారి ఒకటే: డీజిల్ దించి, అడాప్టరు పలక తీసి, కోసి అతికిన మౌంటింగులను పాత కొలతకు తేవడం. దానికి బోరు ఇంకా మిగిలి ఉన్న హరికేన్ బ్లాకు ఒకటి కావాలి. దాన్ని వెతకాల్సింది కూడా ఒకప్పుడు కిలోల లెక్కన అమ్మిన ఆ తుక్కు దుకాణాల్లోనే.