లివరు చివర వేలెడు ప్లే

జగ్గయ్యపేట చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో పాత బండ్లకు కొదవ లేదు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఎప్పుడో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ పొలానికీ టౌనుకీ తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద మిరప బస్తా, యూరియా కట్ట, వీలైతే ఆ వెనక ఇంకో మనిషి. సున్నపురాయి, సిమెంటు లారీల దుమ్ము సరేసరి. హీరో హోండా వాళ్ళు ఆ రోజుల్లో పెట్రోలు పోసి, మూత బిగించి, మరిచిపొమ్మని ప్రచారం చేశారు. మైలేజీ వరకు ఆ మాట చెల్లింది కానీ, క్లచ్ వైరును మరిచిపోయినవాడు ఏదో ఒక రోజు బండి తోసుకుంటూ ఇంటికి రావాల్సిందే.

క్లచ్ ప్లే సరిచేయడమంటే మెకానిక్ షెడ్డులో పనిగా లెక్కలోకి రాదు. పానాతో రెండు తిప్పులు తిప్పి, పది రూపాయలు కూడా అడగకుండా పంపేస్తారు. అయినా పనితనం తెలిసిన చెయ్యి ఏదో ఆ రెండు తిప్పుల్లోనే తెలిసిపోతుంది.

బస్తాలు మోసీ మోసీ అలిసిన సీడీ 100 ఒకటి షెడ్డుకు వచ్చిందనుకోండి. "బండి అరుస్తోందిరా అబ్బాయ్, లాగట్లేదు. ప్లేట్లు పోయినట్టున్నాయి" అంటాడు పెద్దాయన. "ఉండు బాబాయ్, ముందు వైరు చూద్దాం" అంటాడు కుర్రాడు. ఆ ఒక్క మాటతోనే అతని మీద నాకు సగం నమ్మకం కుదురుతుంది.

అతను వెంటనే పానా తియ్యడు. ఇంజన్ ఆపి, లివరు చివర ఒక్క వేలు వేసి మెల్లగా లాగుతాడు. మొదట లివరు బరువు లేకుండా కదులుతుంది, ఒక చోటికి వచ్చేసరికి వేలికి ఒత్తిడి తగులుతుంది. లోపల క్లచ్ స్ప్రింగులు అందుకున్నది అక్కడే. అంతవరకు లివరు చివర నడిచిన ఖాళీ దూరమే ప్లే. ఈ బండ్లకు అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఇంచుమించు వేలి మందం. ఆర్‌ఎక్స్ 100కు 2, 3 మిల్లీమీటర్లే అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ కొలిచేది లివరు చివర కాదు, బోల్టు దగ్గర మొదట్లో.

ఇక రెండో చెయ్యి ఇంజన్ పక్కన వైరు తగిలించిన ఆర్మ్ మీద ఉంటుంది. నేను చూసి మెచ్చుకునేది ఈ రెండో చేతినే. పైన లివరుకు ప్లే కనిపిస్తున్నా కింద ఆర్మ్ బిగుసుకుని ఉంటే, వైరు తొడుగులో ఎక్కడో పట్టేస్తోందన్నమాట. అలాంటప్పుడు ఎంత అడ్జస్ట్ చేసినా దండగే. నూనె పోయాలి, లేదా వైరు మార్చాలి.

ఈ ప్లే రెండు వైపుల నుంచీ మారుతుంటుంది. వైరు సాగేకొద్దీ, తొడుగు కుదురుకునేకొద్దీ ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే ప్లేట్ల కట్ట పలచబడినకొద్దీ క్లచ్‌ను విడదీసే భాగం ఆర్మ్‌కు దగ్గరగా జరుగుతుంది. ప్లే బాగా తగ్గిందంటే చెయ్యి వదిలేసినా క్లచ్ లివరు సగం పట్టుకున్నట్టే. స్ప్రింగుల బలం మొత్తం ప్లేట్ల మీద పడదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుపు పెరుగుతుంది, స్పీడు పెరగదు, ప్లేట్లు మాడిపోతాయి. ప్లే ఎక్కువైతే దీనికి తిరగబడి ఉంటుంది కథ. లివరు హ్యాండిలుకు ఆనినా ప్లేట్లు పూర్తిగా విడవవు. గేరు కటకటలాడుతూ పడుతుంది, న్యూట్రల్ ఎంతకీ దొరకదు, క్లచ్ పట్టుకుని ఉన్నా బండి ముందుకు పాకుతుంది. రాత్రికి రాత్రి ప్లే పెరిగిపోతే మాత్రం అది వైరు సాగడం కాదు. లివరు దగ్గర నిపుల్ మొదట్లో పోగులు ఒక్కొక్కటిగా తెగుతున్నాయి. అక్కడ అడ్జస్ట్‌మెంట్ చేసి పంపినవాడు మంచి మెకానిక్ కాడు.

అంతా చూశాకే అతను పానా పడతాడు. లివరు దగ్గరి అడ్జస్టరును ముందు పూర్తిగా లోపలికి తిప్పేస్తాడు. తర్వాత కింద ఇంజన్ దగ్గర చెక్ నట్టు వదులు చేసి, కావలసిన ప్లే అంతా అక్కడే తెచ్చి బిగిస్తాడు. పైన చివరి ముక్క, అర తిప్పో ముప్పాతిక తిప్పో. తొందరపడేవాళ్ళు కింద ముట్టుకోకుండా అంతా పైనే లాగేస్తారు. మర దాదాపు బయటికి వచ్చేసి, నాలుగు మరల మీద వేలాడుతుంటుంది, ఆ తర్వాత దారిలో అవసరమైతే తిప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఇంకో చిన్న సంగతి: వైరు ఎక్కించడానికి అడ్జస్టరుకూ దాని చెక్ నట్టుకూ లివరు బిగించిన భాగానికీ ఉన్న చీలికలను ఒకే వరసలో పెట్టాలి. పని అయ్యాక ఆ వరస చెదరగొట్టాలి. లేకపోతే వైరు అదే దారిన బయటికి జారిపోవచ్చు, వాన నీళ్ళు, దుమ్ము లోపలికి దిగుతాయి. ఈ చీలికలు ఎలా ఉన్నాయో చూస్తే చాలు, బండి ఎవరి చేతిలోంచి వచ్చిందో చెప్పొచ్చు.

చివర్లో హ్యాండిలును ఎడమ కొసకూ కుడి కొసకూ తిప్పి మళ్ళీ లివరు లాగి చూస్తాడు. ప్లే మారితే వైరు ఎక్కడో మెలిపడిందని అర్థం. పాత బుల్లెట్టుకైతే ఇంత చేసినా చాలదు, వైరుతో పాటు గేరుబాక్సు వైపు పుష్‌రాడ్‌ను తాకే స్క్రూనీ దాని చెక్ నట్టునీ కూడా చూడాలి.

కాబట్టి బండి లాగట్లేదని క్లచ్ ప్లేట్లకు డబ్బు తీసే ముందు, లివరు చివర ప్లే ఎంతుందో చూడమనండి. ఇంజన్‌లో కారుకు పోసే ఆయిలు పోశారేమో కూడా ఒకసారి అడగండి. దానివల్ల కూడా క్లచ్ స్లిప్ అవ్వొచ్చు. రెండూ సరిగా ఉండి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా స్లిప్ అయితేనే ఇంజన్ కవరు విప్పించండి.