ప్లస్ ఎక్కడికి పోయింది?

ఏపీఐ పరీక్షించడానికి బటన్లున్న యాప్‌లు ఎన్ని వచ్చినా నా చెయ్యి టెర్మినల్ వైపే పోతుంది. స్వీడన్ ప్రోగ్రామర్ డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో కర్ల్ అనే పేరుతో విడుదల చేసిన, వెబ్ రిక్వెస్టులు పంపే సాధనం అందులో కూర్చుని ఉంటుంది. చెప్పిన పని చేస్తుంది, మన మనసులో మాట ఊహించదు. నాకు నచ్చింది ఆ గుణమే.

'మైనస్ డి' అని డేటా ఇస్తే దాన్ని పోస్ట్ రిక్వెస్టులో పెట్టి, ఇది వెబ్ ఫారం అని హెడర్‌లో రాసి పంపుతుంది. ఎన్‌కోడింగ్ మాత్రం మన బాధ్యత. ఫోన్ నంబరు +91తో మొదలైందనుకోండి. ఫారం లెక్కలో ప్లస్ అంటే ఖాళీ. అవతలి డేటాబేసులో ప్లస్ ఉండదు, 91 ముందు ఓ ఖాళీ ఉంటుంది. హోటల్ మెనూలో 'ఇడ్లీ&వడ' అని పంపితే ఇడ్లీతో ఆ విలువ అయిపోతుంది, వడ ఇంకో ఫీల్డవుతుంది. సర్వర్ కిక్కురుమనదు. అందుకే 'డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్' ఉంది. దాంతో పంపితే 'తెలుగు' అన్న చిన్న పదం ఎంత సాగుతుందో చూడండి: త, ల, గ, ఒక ఎత్వం, రెండు కొమ్ములు, ఒక్కోటి మూడేసి బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడేసి గుర్తులు. మొత్తం 54!

కర్ల్ సొంత తెలివి చూపే చోటొకటుంది. 'ఎట్' గుర్తు పెట్టి ఫైలు పేరిస్తే, 'మైనస్ డి' అందులోని లైను విరుపులన్నీ తీసేసి పంపుతుంది. జేసన్ అయితే తేడా తెలియదు, దానికి లైను విరుపులతో పనిలేదు. సీఎస్‌వీ అయితే 'రమ,540' కింద ఉన్న 'రవి,610' పైకెక్కి 'రమ,540రవి,610' అవుతుంది. ఫారాల కాలంలో పెట్టిన ఆనవాయితీ, ఇప్పుడు మార్చితే ఎన్ని స్క్రిప్టులు కూలతాయో! 2022లో వచ్చిన 'జేసన్' ఆప్షన్ ఈ కత్తిరింపు చేయదు, హెడర్లు కూడా అదే పెడుతుంది. మిగతా ఫైళ్లకు 'డేటా-బైనరీ'యే దిక్కు.

అనుమానమొస్తే చాలామంది 'మైనస్ వి' కొడతారు. అది హెడర్లు చూపిస్తుంది గానీ పంపిన డేటాను చూపదు. 'ట్రేస్-ఆస్కీ' పెడితే వైరు మీదికి వెళ్లిన డేటా కూడా కనిపిస్తుంది, పోయిన ప్లస్ మన దగ్గర పోయిందా, అవతల పోయిందా తేలిపోతుంది.