వేసవి వలపు: ‘సొమ్మర్‌లేక్’ చిత్రమున రసవిచారము

తొలివలపు వస్తువుగా గల రచన యేది కనబడినను దానిని శృంగారరసప్రధానమని నిర్ణయించి తృప్తిపడుట మన పరిశోధక విద్యార్థులలో తరచుగ కానవచ్చు నలవాటు. ఈ నిర్ణయ మెంతవరకు నిలుచునో పరీక్షించుటకు స్వీడను దేశీయుడగు ఇంగ్మార్ బెర్గ్మన్ (1918–2007) దర్శకత్వము వహించిన ‘సొమ్మర్‌లేక్’ (1951) అను చలనచిత్రమును లక్ష్యముగా గ్రహించుచున్నాము. ఆ పేరునకు ‘వేసవి ఆట’ యని యర్థము. దర్శకుడు తన యౌవనమున వ్రాసిన కథయే దీనికి మూలము.

ఇతివృత్తము సరళమైనది. మారీ యను నర్తకి స్టాక్‌హోము నగరమున ‘హంససరస్సు’ నృత్యరూపక ప్రదర్శనకు సిద్ధమగుచుండగా, పూర్వప్రియుడగు హెన్రిక్ వ్రాసికొన్న దినచర్య పుస్తక మామెకు చేరును. నాటి అభ్యాసము నిలిచిపోగా, ఆమె పడవ యెక్కి తానొకప్పుడు వేసవి గడపిన ద్వీపమునకు పోవును. ఇప్పుడది శరత్కాలము. అచ్చట గతమంతయు స్మృతిరూపమున సాక్షాత్కరించును: ఈతలు, అడవిపండ్లు ఏరుకొనుట, తొలి కలయిక. ఆ వేసవి ముగియు దినములలో హెన్రిక్ నీటిలోనికి దుమికి, రాళ్లకు తగిలి మరణించెను.

ఇందలి ఉద్దీపనవిభావము మొదట విచార్యము. మన కావ్యములలో సంభోగమునకు వసంతము, విరహమునకు వర్షర్తువు ప్రసిద్ధములు. గ్రీష్మమనగా మనకు తాపమే. ఉత్తరదేశమగు స్వీడనులో నట్లు కాదు. దీర్ఘశీతకాలపు చీకటి తరువాత వచ్చెడి స్వల్పకాలపు వెలుగే వారి వేసవి. కావున నిచట ప్రణయమును ఉద్దీపింపజేయు ఋతువే దాని యల్పాయువును గూడ సూచించుచున్నది. గున్నార్ ఫిషర్ ఛాయాగ్రహణమున వేసవికాంతికిని శరత్కాలపు ధూసరవర్ణమునకును గల భేద మీ సూచనను బలపరచుచున్నది.

ఇక రసనిర్ణయము. బాణుని ‘కాదంబరి’లో మహాశ్వేత తన తొలివలపును, పుండరీకుని మరణమును తానే చంద్రాపీడునకు చెప్పుకొనును. ఇరువురు నాయికలకును గతకథనమే శరణ్యము. కాని మహాశ్వేతకు పునస్సమాగమము కలుగునని దివ్యపురుషుని మాట గలదు. అందుచే నది కరుణవిప్రలంభము. మారీకి అట్టి యాశ లేదు. సాపేక్షము విప్రలంభమనియు, నిరపేక్షము కరుణమనియు భరతుడు చేసిన విభాగము ననుసరించి ఇది కరుణమే కావలెను.

దీనికి పూర్వపక్షము లేకపోలేదు. చిత్రాంతమున మారీ ఆ పుస్తకమును నేటి ప్రియుడగు డేవిడ్ అను పత్రికారచయితకు చదువనిచ్చి, అద్దము ముందు వేషము తుడిచికొని నవ్వును. మరునాడు నాట్య మాడును. నిర్వహణమున రతి మరల తలయెత్తినది గనుక శృంగారమే అంగి యందురు. ఈ వాదము శోకమునకు జరిగిన యాలస్యమును గమనింపలేదు. హెన్రిక్ మరణానంతరము ఎర్లాండ్ అను పెద్దవాడు, తన చుట్టు గోడ కట్టుకొని బాధకు దూరముగ నుండుట యామెకు నేర్పెను. అనగా నామె శోకమును దాచినదే కాని యనుభవింపలేదు. ఇన్నేండ్లకు ఆ ద్వీపమున దాని ననుభవించెను. ఆ పిమ్మటనే రతి మరల సాధ్యమైనది. కావున కరుణము అంగియనియు, ఆద్యంతములందలి శృంగారము దానికి అంగమనియు మా నిశ్చయము.

డేవిడ్ పాత్ర పలుచనిదనియు, తుది సమాధానము త్వరపడి వచ్చినదనియు నొప్పుకొనక తప్పదు. అయినను ఈ లోపము మా నిర్ణయమునకే సాక్ష్యము. చిత్రము యొక్క బలమంతయు ఆ నూతన ప్రణయమున గాక, దానికి దారి విడిచిన శోకమునందే యున్నది. వస్తువు ప్రణయమైనంత మాత్రమున రసము శృంగారము కాదు. స్థాయి యెవరియం దెప్పుడు పరిపోషము నందినదో విచారించిన పిదపనే దానికి పేరు పెట్టవలెను.